ఒక మోచేయి మార్చిన ఆట: టామీ జాన్ కెరీర్, ఆయన పేరుతో నిలిచిన శస్త్రచికిత్స

క్లుప్తంగా: 1974లో మోచేతి లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) తెగిన అమెరికన్ బేస్‌బాల్ పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) టామీ జాన్, అంతకుముందు ఏ పిచర్‌కూ చేయని శస్త్రచికిత్స చేయించుకుని మరో 14 సీజన్లు ఆడారు. పిచర్‌గా ఆయన ఖాతాలో చేరిన 288 విజయాల్లో 164 ఆ తర్వాత వచ్చినవే. ఆ చికిత్స ఎన్నో కెరీర్లను నిలబెట్టింది. అదే సమయంలో, మోచేయి తెగినా బాగుచేసుకోవచ్చన్న ధీమాను ఆటలోకి తెచ్చింది. జాన్‌ను నిలబెట్టిన నెమ్మదైన, నేలబారు బంతుల శైలికి నేటి ఆటలో గిరాకీ తగ్గిపోయింది. చికిత్స మెరుగవుతున్నా గాయాలు తగ్గకపోవడానికి ముఖ్య కారణం అక్కడే ఉంది.

భారతీయ మూలాలున్న తల్లికి పుట్టిన అమెరికన్ పిచర్ కుమార్ రాకర్ 2024 సెప్టెంబరులో టెక్సస్ రేంజర్స్ తరఫున మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అడుగుపెట్టాడు. కొత్త ఆటగాళ్లను జట్లు వరుసగా ఎంచుకునే డ్రాఫ్టులో 2021లో అతన్ని పదో స్థానంలో ఎంచుకున్న న్యూయార్క్ మెట్స్, వైద్య పరీక్షల తర్వాత అతని చేతి మీద నమ్మకం కుదరక ఒప్పందం చేసుకోలేదు. మరుసటి ఏడాది రేంజర్స్ మూడో స్థానంలో తీసుకుంది. 2023లో అతనికి ‘టామీ జాన్ సర్జరీ’ జరిగింది, ఏడాదికి పైగా కోలుకున్నాకే పెద్ద లీగ్ మైదానం దక్కింది. పిచర్ల జీవితంలో ఈ క్రమం ఎంత మామూలైపోయిందంటే, అమెరికన్ వార్తాకథనాలు ఆ శస్త్రచికిత్స ఏమిటో వివరించే పని కూడా పెట్టుకోవు. బేస్‌బాల్‌ను అప్పుడప్పుడూ గమనించే తెలుగు పాఠకులకు మాత్రం కొన్ని ప్రశ్నలు మిగిలిపోతాయి. బంతి విసిరినంత మాత్రాన మోచేయి ఎందుకు తెగుతుంది? వైద్యం ఇంత ముందుకు వెళ్లినా అది మళ్లీ మళ్లీ ఎందుకు తెగుతోంది? ఆ పేరు గల ఆటగాడి కెరీర్‌ను మొదటి నుంచి చూస్తే ఈ రెంటికీ చాలావరకు సమాధానం దొరుకుతుంది.

వేగం మీద ఆధారపడని పిచర్

టామీ జాన్ 1943 మే 22న ఇండియానా రాష్ట్రంలోని టెర్రె హాట్‌లో పుట్టారు. 1961లో క్లీవ్‌లాండ్ జట్టుతో ఒప్పందం చేసుకుని, 1963 సెప్టెంబరులో తొలి మేజర్ లీగ్ మ్యాచ్ ఆడారు. 1965 నుంచి 1971 వరకు షికాగో వైట్ సాక్స్‌లో ఉన్నారు. 1971 డిసెంబరులో, డిక్ ఆలెన్ అనే పేరున్న బ్యాటర్‌కు బదులుగా ఆయన్ని లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కు ఇచ్చారు.

ఆయన ఎడమచేతి వాటం పిచర్, ప్రధానాస్త్రం సింకర్. ఈ బంతి బ్యాటర్‌ను చేరే చివరి క్షణంలో కిందికి జారుతుంది. బ్యాటర్ దాన్ని గాలిలోకి లేపలేక నేల మీదికే కొడతాడు, ఇన్‌ఫీల్డర్లు (దగ్గర్లో నిలబడే ఫీల్డర్లు) అందుకుని, బ్యాటర్ పరుగెత్తి చేరాల్సిన మొదటి బేస్‌కు విసిరి అవుట్ చేస్తారు. బ్యాటర్‌కు బంతి అందకుండా చేయడం కాదు, చెడ్డగా తగిలేలా చేయడం ఈ పద్ధతి ఉద్దేశం. జాన్ మొత్తం కెరీర్‌లో 4,710 ఇన్నింగ్స్ (ఒక్కోటి ప్రత్యర్థి జట్టులో ముగ్గురు అవుటయ్యే దాకా సాగుతుంది) వేసి 2,245 స్ట్రయికౌట్లు (బ్యాటర్ బంతిని కొట్టలేక అవుట్ కావడం) మాత్రమే తీశారు. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు నాలుగుకు కాస్త పైన. నేటి మేజర్ లీగ్ సగటు ఎనిమిది దాటింది. ఈ తేడాను గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మోచేయి కథలో సగం ఇందులోనే ఉంది.

మోచేతిలో తెగేది ఏమిటి

మోచేతి లోపలి వైపున, పైచేతి ఎముకను ముంజేతి ఎముకల్లో ఒకటైన అల్నాతో కలిపి ఉంచే చిన్న పట్టీ లాంటి కణజాలం ఉంటుంది. దీన్నే అల్నార్ కొల్లాటరల్ లిగమెంట్ అంటారు. ముంజేయి బయటి వైపుకు విరుచుకుపోకుండా కీలును పట్టి ఉంచడం దాని పని. నడవడానికి, బరువు ఎత్తడానికి, రోజువారీ పనులకు దాని మీద పెద్ద భారం పడదు. అది తెగినా చాలామంది మామూలు జీవితం గడపగలరు. బేస్‌బాల్ విసరడం మాత్రం కుదరదు.

పిచర్ 18.44 మీటర్ల దూరంలోని బ్యాటర్ వైపు, మౌండ్ అనే చిన్న దిబ్బ మీద నిలబడి, ఒక పాదం రబ్బరు పలకకు ఆనించి బంతి వేస్తాడు. పరుగు లేదు కాబట్టి వేగమంతా కాళ్లు, నడుము, మొండెం, భుజం వరుసగా తిరగడం ద్వారా పుట్టి చేతికి చేరాలి. ముందు కాలు నేలను తాకాక మొండెం ముందుకు తిరుగుతుంది, మోచేయి దాదాపు లంబకోణంలో వంగి ఉంటుంది, ముంజేయి మాత్రం ఇంకా వెనక్కి వాలిపోయి ఉంటుంది. ఆ తర్వాతి క్షణంలో భుజం సెకనుకు సుమారు 7,000 డిగ్రీల వేగంతో లోపలికి తిరుగుతుంది. మొండెం ఒకవైపుకు లాగుతుంటే ముంజేయి, బంతి వెనకే ఉండిపోవడం వల్ల మోచేతి లోపలి భాగం విచ్చుకోబోతుంది. ఆ విచ్చుకోవడాన్ని ఆపేది ఈ లిగమెంటే.

ప్రయోగశాల కొలతల ప్రకారం వృత్తి పిచర్ మోచేతిపై ఆ క్షణంలో పడే మెలితిప్పు బలం 60 న్యూటన్ మీటర్లు దాటుతుంది. మృతదేహాల నుంచి తీసిన లిగమెంట్‌ను విడిగా పరీక్షించినప్పుడు అది అందులో సుమారు సగం బలానికే తెగిపోయింది. అయినా ప్రతి బంతికీ లిగమెంట్ తెగకపోవడానికి కారణం, ముంజేతి కండరాలు బిగుసుకుని భారంలో వాటా పంచుకోవడం. కండరం అలసిపోతే ఆ వాటా లిగమెంట్ మీదికి బదిలీ అవుతుంది. ఒక్కో బంతికి కంటికి కనిపించనంత చిన్న చిరుగు ఏర్పడుతుంది, విశ్రాంతి దొరికితే మానుతుంది, దొరకకపోతే పెరుగుతుంది. ఒక్క బంతితో జరిగిందని అందరూ చెప్పుకునే గాయం వెనుక చాలాసార్లు ఏళ్ల తరబడి పేరుకున్న అరుగుదల ఉంటుంది.

క్రికెట్ ఫాస్ట్ బౌలర్ కూడా గంటకు 145 కిలోమీటర్ల వేగంతో బంతి వేస్తాడు కదా, అతని మోచేయి ఎందుకు తెగదన్న సందేహం సహజం. క్రికెట్ నిబంధనల ప్రకారం బౌలింగ్ చేసేటప్పుడు మోచేయి 15 డిగ్రీలకు మించి నిటారు కాకూడదు. చేయి దాదాపు తిన్నగా చుట్టు తిరుగుతుంది కాబట్టి పిచర్ తరహా విరుపు అక్కడ తక్కువ. వేగంలో పెద్ద భాగం పరుగు నుంచే వస్తుంది. ఆ పరుగును ముందు కాలితో ఒక్కసారిగా ఆపినప్పుడు, నడుము వంగి తిరిగినప్పుడు భారమంతా వెన్నెముక కింది భాగం మీద పడుతుంది. అందుకే జస్‌ప్రీత్ బుమ్రా లాంటి ఫాస్ట్ బౌలర్లను వెన్ను గాయాలు వెంటాడాయి, పిచర్లను మోచేయి వెంటాడుతోంది. శరీరం ఎక్కడ బలహీనమో కాదు, ఆట నియమాలు భారాన్ని ఎక్కడికి నెడుతున్నాయో గాయం అక్కడ బయటపడుతుంది.

1974: నూటికి ఒక అవకాశం

1974 సీజన్ సగానికి జాన్ 13 విజయాలు, 3 ఓటములతో లీగ్‌లోని మంచి పిచర్లలో ఒకరు. జూలై 17న లాస్ ఏంజెలిస్‌లో మాంట్రియల్ ఎక్స్‌పోస్‌తో మ్యాచ్‌లో బంతి వేస్తుండగా మోచేతిలో పట్టు పోయింది. అప్పటి లెక్కల్లో అది కెరీర్ ముగింపు. అలాంటి గాయానికి ఆ రోజుల్లో ‘చేయి చచ్చిపోయింది’ అనే మాట తప్ప వేరే నిర్ధారణ కూడా చాలామందికి దొరికేది కాదు. ఇదే జట్టుకు ఆడిన శాండీ కౌఫాక్స్ మోచేతి కీలువాతంతో 1966లో 27 విజయాలు సాధించిన సీజన్ ముగియగానే 30 ఏళ్ల వయసులో ఆట వదిలేశారు. పిచర్ ఎంత గొప్పవాడైనా మోచేయి మొండికేస్తే చేయగలిగింది లేదన్నది అప్పటి అవగాహన.

డాడ్జర్స్ వైద్యుడు ఫ్రాంక్ జోబ్ ఆలోచన వేరే చోటి నుంచి వచ్చింది. పోలియో రోగుల చేతుల్లో పనిచేయని కండరాల బదులు వేరే చోటి టెండన్‌ను (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి కణజాలం) తెచ్చి అమర్చే పద్ధతులు అప్పటికే ఉన్నాయి. అదే సూత్రంతో తెగిన లిగమెంట్ స్థానంలో టెండన్ పెట్టవచ్చని ఆయన భావించారు. విజయానికి నూటికి ఒక్క అవకాశం ఉందని జాన్‌కు ముందే చెప్పారు. 1974 సెప్టెంబరు 25న ఆపరేషన్ జరిగింది. జాన్ కుడి ముంజేతి నుంచి పాల్మారిస్ లాంగస్ అనే టెండన్‌ను తీశారు. ఇది కొందరికి పుట్టుకతోనే ఉండదు, లేకపోయినా చేతికి లోటు తెలియదు. ఎడమ మోచేతి ఎముకల్లో సన్నని రంధ్రాలు చేసి, నులక మంచం అల్లినట్టు ఆ టెండన్‌ను రంధ్రాల గుండా ఇటూ అటూ దూర్చి బిగించారు.

కష్టం ఆపరేషన్‌తో తీరలేదు. మోచేతి పక్కగా వెళ్లే అల్నార్ నాడి దెబ్బతిని వేళ్లు వంకరపోయాయి, చేతిలో స్పర్శ తగ్గింది. డిసెంబరులో రెండోసారి కోసి నాడిని వేరే దారికి మార్చాల్సి వచ్చింది. అమర్చిన టెండన్ కీలులో ఉన్నంత మాత్రాన లిగమెంట్‌గా పనిచేయదు. దానికి కొత్తగా రక్తనాళాలు పెరగాలి, పోగులు భారం పడే దిశలో మళ్లీ పేర్చుకోవాలి. శరీరం చేసే ఈ మార్పుకు నెలలు పడుతుంది, దాన్ని తొందరపెట్టే మార్గం నేటికీ లేదు. జాన్‌కు 1975 సీజన్ మొత్తం పోయింది. శరీర కదలికల శాస్త్రం చదివిన సహ పిచర్ మైక్ మార్షల్ సలహాతో బంతి విసిరే తీరును కూడా ఆ కాలంలో సరిచేసుకున్నారు.

తిరిగి వచ్చాక

1976 ఏప్రిల్‌లో జాన్ మళ్లీ మౌండ్ ఎక్కారు. ఆ ఏడాది 10 విజయాలు, 10 ఓటములు. మరుసటి ఏడాది 20 విజయాలు, 7 ఓటములు. 1979లో న్యూయార్క్ యాంకీస్‌కు మారి 21, 1980లో 22 విజయాలు సాధించారు. ఆపరేషన్‌కు ముందు ఏ సీజన్‌లోనూ ఆయన 20 మార్కు చేరలేదన్నది గమనించాలి. ఈ అంకెల వల్లే శస్త్రచికిత్స చేతిని మునుపటి కంటే బలంగా చేస్తుందన్న నమ్మకం పుట్టింది. ఆ నమ్మకానికి ఆధారం లేదు. 1977, 1978 సీజన్లలో డాడ్జర్స్ వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) దాకా వెళ్లిన జట్టు. గార్వే, లోప్స్, రస్సెల్, సే అనే నలుగురు ఏళ్ల తరబడి కలిసి ఆడిన ఇన్‌ఫీల్డ్ నేలబారు బంతులను అందుకోవడానికి సిద్ధంగా ఉండేది. కోలుకునే కాలంలో వచ్చిన కఠినమైన వ్యాయామ క్రమశిక్షణ, మెరుగైన విసిరే తీరు కూడా కలిసొచ్చాయి. టెండన్ తిరిగి ఇచ్చింది బంతి విసరగల స్థితిని మాత్రమే.

తొలి రోగి విజయం అందరికీ వర్తించదని తర్వాతి ఆపరేషన్‌తోనే తేలింది. 1978లో ఇదే చికిత్స చేయించుకున్న బ్రెంట్ స్ట్రామ్ మళ్లీ మేజర్ లీగ్‌లో బంతి వేయలేకపోయారు, చాలా ఏళ్ల తర్వాత కోచ్‌గా పేరు తెచ్చుకున్నారు. చరిత్ర మొదటి పేరును నిలుపుకుంది, రెండో పేరు ఆట లోపలివారికే గుర్తుంది.

జాన్ 1989లో, 46 ఏళ్ల వయసులో, 26 సీజన్లు పూర్తిచేసి విరమించారు. మొత్తం 288 విజయాలు, 231 ఓటములు, తొమ్మిది ఇన్నింగ్స్‌కు (ఫీల్డింగ్ తప్పిదాల వల్ల వచ్చినవి కాక) సగటున ఇచ్చిన పరుగులు 3.34. ఇన్ని ఉన్నా, ఆటలోని మేటివారిని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటు దక్కలేదు. పాత్రికేయుల బ్యాలెట్‌లో 75 శాతం ఓట్లు కావాలి. జాన్ 15 ఏళ్లు బ్యాలెట్‌లో ఉండి, ఆఖరి ఏడాది 2009లో అత్యధికంగా 31.7 శాతం పొందారు. 300 విజయాలకు 12 తక్కువ కావడం, స్ట్రయికౌట్లు తక్కువ కావడం, ఏ ఒక్క సీజన్‌లోనూ అత్యుత్తమ పిచర్ అవార్డు రాకపోవడం ప్రతికూలంగా పనిచేశాయి. 2013లో కూపర్స్‌టౌన్‌లో హాల్ ఆఫ్ ఫేమ్ వేడుకల సమయంలో డాక్టర్ జోబ్‌ను సత్కరించారు. అందుకు కారణమైన చేయి గల వ్యక్తి అతిథిగా హాజరయ్యారు. ఎంపిక పద్ధతి అంకెల శిఖరాలను చూస్తుంది తప్ప ఆట గమనాన్ని మార్చిన సంఘటనలను లెక్కపెట్టదు అనడానికి ఇంతకంటే తేటతెల్లమైన ఉదాహరణ దొరకడం కష్టం.

చికిత్స మెరుగవుతుంటే గాయాలు ఎందుకు పెరుగుతున్నాయి

జోబ్ తొలి పద్ధతిలో కండరాన్ని ఎముక నుంచి వేరు చేసేవారు. తర్వాత కండరాన్ని వేరు చేయకుండా పక్కకు జరిపే లేదా పోగుల వెంట చీల్చే పద్ధతులు, తక్కువ రంధ్రాలతో టెండన్‌ను బిగించే పద్ధతి, ఇటీవల లిగమెంట్ పాక్షికంగా తెగినప్పుడు దానికి గట్టి టేపు ఊతమిచ్చే ‘ఇంటర్నల్ బ్రేస్’ వచ్చాయి. నేడు సుమారు 80 శాతం పిచర్లు మునుపటి స్థాయికి తిరిగి వస్తున్నారు, సాధారణంగా 12 నుంచి 18 నెలల్లో. రెండోసారి చేయించుకున్నవారిలో ఈ శాతం తగ్గుతుంది. జస్టిన్ వెర్లాండర్ 37వ ఏట ఆపరేషన్ చేయించుకుని 2022లో 18 విజయాలు, 1.75 సగటుతో లీగ్ ఉత్తమ పిచర్‌గా నిలిచాడు.

ఇటువైపు లెక్క ఇలా ఉంటే అటువైపు లెక్క మరోలా ఉంది. మేజర్ లీగ్ 2024 డిసెంబరులో విడుదల చేసిన నివేదిక ప్రకారం, వృత్తి బేస్‌బాల్‌లో ఈ శస్త్రచికిత్సలు 2010లో 104 ఉండగా 2020లో 314కు చేరాయి, 2024లో 281 నమోదయ్యాయి. గాయాల జాబితాలో పిచర్లను చేర్చిన సందర్భాలు 2005లో 212, 2024లో 485. ఇదే కాలానికి దగ్గరగా, ప్రధాన ఫాస్ట్‌బాల్ సగటు వేగం 2008లో గంటకు 147 కిలోమీటర్ల నుంచి 2024లో దాదాపు 152 కిలోమీటర్లకు పెరిగింది. వేగం, బంతి తిరుగుడు, ప్రతి బంతికీ గరిష్ఠ శక్తి అనే మూడింటినీ నివేదిక ప్రధాన కారణాలుగా చూపింది.

ఈ ధోరణికి మూలం పిచర్ల దురాశ కాదు, జట్లు వారికి కడుతున్న వెల. 2000ల తర్వాత బంతి వేగాన్ని, తిరుగుడును ప్రతి విసురుకూ కొలిచే కెమెరా, రాడార్ వ్యవస్థలు వచ్చాయి. అంతకుముందు కోచ్ కంటికి మాత్రమే కనిపించేది ఇప్పుడు అంకెగా కనిపిస్తుంది. అంకెగా కనిపించేదానికే డ్రాఫ్టులో స్థానం, ఒప్పందంలో డాలర్లు దొరుకుతాయి. వేగం పెరిగితే బ్యాటర్ బంతిని అందుకోవడం తగ్గుతుందన్నది గణాంకాలు నిరూపించిన నిజమే. అయితే జాన్ 1979లో 17 మ్యాచ్‌లను ఆరంభం నుంచి ముగింపు దాకా తానే వేసి 276 ఇన్నింగ్స్ పూర్తిచేశారు. 2024 సీజన్ మొత్తంలో 200 ఇన్నింగ్స్ చేరినవారు నలుగురే. ఎక్కువసేపు ఆడాలనుకునే పిచర్ శక్తిని దాచుకుని వేస్తాడు, ఐదు ఇన్నింగ్స్ తర్వాత ఎలాగూ మారుస్తారని తెలిసినవాడు మొదటి బంతి నుంచే పూర్తి శక్తి పెడతాడు. పని పరిమాణం తగ్గింది, పని తీవ్రత పెరిగింది. లిగమెంట్‌కు రెండోదే ప్రమాదకరం.

శస్త్రచికిత్స విజయవంతం కావడం ఈ లెక్కలో ఒక మౌన భాగస్వామి. తెగితే కెరీర్ ముగిసే రోజుల్లో మరో ఐదు కిలోమీటర్ల వేగం కోసం మోచేతిని పణంగా పెట్టడం తెలివితక్కువ పని. తెగినా పద్నాలుగు నెలల్లో తిరిగి రావచ్చని తెలిశాక అది లెక్క వేసి తీసుకునే సాహసం అయింది. 1993లో 46 ఏళ్ల పిచర్ నోలన్ రయాన్ ఇదే లిగమెంట్ తెగి 27 సీజన్ల కెరీర్ ముగించారు. గంటకు 160 కిలోమీటర్లు విసిరిన చేయి అన్నేళ్లు నిలిచింది కదా అనేవారు, ఆయన తరంలో అంత వేగం గలవారు ఎంత అరుదో మరిచిపోతారు. నిలబడినవారు మాత్రమే గుర్తుంటారు.

పిల్లల మోచేతులు

2007 నుంచి 2011 వరకు అమెరికాలో జరిగిన ఈ ఆపరేషన్లను పరిశీలించిన ఒక అధ్యయనంలో 15 నుంచి 19 ఏళ్ల వయసువారి వాటా 56.7 శాతంగా తేలింది. స్కూల్ జట్టు, ఊరూరా తిరిగి ఆడే ట్రావెల్ జట్టు, ప్రతిభను వెతికే స్కౌట్ల ఎదుట వేగం కొలిచే రాడార్ గన్ ప్రదర్శనలు కలిసి ఏడాదంతా సీజన్‌గా మారడం ఇందుకు కారణం. కాలేజీ స్కాలర్‌షిప్ ఆశ దానికి తోడైంది. గాయం లేకపోయినా ఆపరేషన్ చేయిస్తే వేగం పెరుగుతుందని నమ్మే తల్లిదండ్రులు, పిల్లలు కూడా ఉన్నట్టు సర్వేల్లో బయటపడింది. 2018లో జాన్ స్వయంగా ఒక వ్యాసంలో, తన పేరున్న చికిత్స పిల్లలకు జరగడం పట్ల బహిరంగంగా అసంతృప్తి తెలిపారు.

2014లో మేజర్ లీగ్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి తెచ్చిన ‘పిచ్ స్మార్ట్’ మార్గదర్శకాల ప్రకారం 9, 10 ఏళ్ల పిల్లలు రోజుకు 75 బంతులు, 11, 12 ఏళ్ల వారు 85 బంతులు మించకూడదు. 14 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలు 66 లేదా అంతకంటే ఎక్కువ బంతులు వేస్తే నాలుగు రోజులు మౌండ్ ఎక్కకూడదు. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు బంతి విసరడమే ఆపాలి. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ పోటీల్లో ఆడుతున్నారు. క్రికెట్ చూసి పెరిగిన తల్లిదండ్రులకు బంతుల లెక్క, విశ్రాంతి రోజుల లెక్క కొత్త విషయాలే. పిల్లవాడు రెండు జట్లకు ఆడితే ఏ కోచ్ దగ్గరా మొత్తం లెక్క ఉండదు. ఆ లెక్క ఇంట్లోనే రాసుకోవాలి.

నియమాల దిశ

2023లో బంతుల మధ్య సమయానికి గడియారం పెట్టడం వల్ల కండరాలకు విరామం తగ్గిందని ఆటగాళ్ల సంఘం ఆరోపించింది. అందుకు ఆధారం లేదని లీగ్ వాదించింది. గాయాల పెరుగుదల గడియారానికి చాలా ఏళ్ల ముందే మొదలైంది కాబట్టి దాన్నే మూలకారణం అనలేం, అలసట పాత్ర ఏమీ లేదనీ అనలేం. 26 మంది జట్టులో పిచర్ల సంఖ్యను 13కు పరిమితం చేసే నియమం 2022లో వచ్చింది. ఈ సంఖ్యను ఇంకా తగ్గిస్తే ప్రతి పిచర్ ఎక్కువసేపు ఆడాల్సి వస్తుంది, శక్తిని పొదుపుగా వాడటం మళ్లీ అవసరమవుతుందన్నది ఒక వాదన. అలవాటు మారేలోగా ఉన్న కొద్దిమంది పిచర్ల మీద భారం పెరిగి గాయాలు తాత్కాలికంగా ఎక్కువవుతాయన్నది ఎదురు వాదన.

ఈలోగా ప్రోత్సాహకాలు మాత్రం పాత దిశలోనే ఉన్నాయి. జాన్ ఆడిన డాడ్జర్స్‌లోనే ఇప్పుడు, పిచర్‌గానూ బ్యాటర్‌గానూ ఆడే షోహే ఒతానీ ఉన్నాడు. 2018లో ఒకసారి, 2023లో మరోసారి కుడి మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. 2024 అంతా బ్యాటర్‌గానే ఆడి 2025 జూన్‌లో మళ్లీ బంతి పట్టాడు. మొదట ఒక్కో ఇన్నింగ్స్ చొప్పున జాగ్రత్తగా వేయించారు. అదే నెల 28న కాన్సస్ సిటీలో అతను వేసిన ఒక బంతి గంటకు 163 కిలోమీటర్లు దాటింది. అప్పటికి మేజర్ లీగ్‌లో అది అతని అత్యంత వేగవంతమైన బంతి.